ఇరానీ హోటల్ పెంకులు: మా షెడ్డు డైరీ

ఫిబ్రవరి 3

ఇరానీ హోటల్ కౌంటర్ మీది భాయ్, పగిలిన కప్పులు ఇస్తానన్న మాట నిలబెట్టుకున్నాడు. పాత సిమెంటు బస్తాలో సగం దాకా పగిలిన కప్పులు, సాసర్లు. "ఇంకా కావాల్నా? రోజూ పగులుతనే ఉంటయి. మా పోరగాళ్ల చేతిల కప్పు నిలవది" అన్నాడు. స్కూటీ ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని బయల్దేరితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా గలగల. సిగ్నల్ దగ్గర పక్క ఆటో అతను "గాజుల బస్తానా అక్కా?" అని అడిగాడు. షెడ్డుకొచ్చి తూకం వేస్తే 19 కిలోలు.

ఇంతకీ ఎందుకంటే, మేం చేసేది ప్లేట్లు, గిన్నెలు, కప్పులు. షెడ్డులో ఇద్దరమే: నేను, సారె మీద కూర్చునే బాబాయ్. సారె మీద చెడిపోయిన పచ్చి ముక్క మాకు నష్టం కాదు. బకెట్ నీళ్లలో పడేస్తే రెండ్రోజుల్లో మళ్లీ మట్టే. కానీ ఒక్కసారి కిల్న్‌లోకి, అంటే కాల్చే బట్టీలోకి, వెళ్లి 600 డిగ్రీలు దాటిందంటే ఇక వెనక్కి రాదు. మట్టి రేణువులో కలిసిపోయి ఉన్న నీరు అక్కడ వదిలిపోతుంది, తర్వాత ఏడాది నానబెట్టినా మెత్తబడదు. షెడ్డు వెనక అలాంటి రిజెక్టుల కుప్ప నా నడుమెత్తుకి వచ్చింది. ఊళ్లో ప్రతి హోటల్ వెనకా ఇలాంటిదే చిన్న కుప్ప ఒకటి ఉంటుంది.

జపాన్‌లో గిఫు ప్రాంతంలో మినో పింగాణీ వాళ్లు 1997లో గ్రీన్ లైఫ్ 21 అనే ప్రాజెక్టు పెట్టుకుని, వాడేసిన పళ్లేలు, కప్పులు సేకరించి, పొడి చేసి, కొత్త మట్టిలో కలుపుతున్నారు. మొదట్లో 20 శాతం, తర్వాత 50 శాతం దాకా వెళ్లారు. వాళ్ల వెనక సెరామిక్ పరిశోధన సంస్థ ఉంది, పొడి చేసే వాళ్లున్నారు, ఫ్యాక్టరీలున్నాయి. నా దగ్గర ఒక పాట్ మిల్లు (గుళ్లు వేసి తిప్పితే లోపలిది నలిగే జాడీ), మూడు జల్లెడలు, బాబాయ్ చేతులు ఉన్నాయి. అనుకున్నది చిన్నదే: ఈ హోటల్ పెంకుల్ని మా మట్టిలో కలిపి, ఇదే హోటల్‌కి చాయ్ కప్పులు చెయ్యడం.

ఫిబ్రవరి 6

రెండు రోజులుగా ఏరడమే పని. అన్నిటినీ 'పింగాణీ' అనేస్తాం గానీ ఆ ఒక్క పేరు కింద నాలుగు జాతులు దాక్కుంటాయి. ముందు సర్ఫు నీళ్లలో నానబెట్టి కడిగాను (అడుగున చాయ్ మడ్డి ఎన్నేళ్లదో!). తర్వాత ఆరబెట్టి, ఒక్కో ముక్క విరిగిన అంచు మీద సిరా చుక్క వేసి, తడిగుడ్డతో తుడిచాను. మరక పూర్తిగా పోతే లోపల బాగా గాజుగా మారి బిగిసిన పింగాణీ. నీలంగా ఇంకిపోతే తక్కువ వేడిలో కాల్చిన మెత్తరకం. నాలుక ఆనిస్తే అతుక్కుంటుంది కూడా, కానీ హోటల్ కప్పుల మీద ఆ పరీక్ష చేసే ధైర్యం నాకు లేదు.

బోన్ చైనాకి వేరే పరీక్ష. ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూస్తే వేలి నీడ కనిపిస్తుంది. దాంట్లో దాదాపు సగం ఎముకల బూడిదే.

బంగారు గీత ఉన్నవి, ఎర్రపూలు, పసుపు పూలు ఉన్నవి మరో బకెట్‌లోకి. గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) మీద అద్దిన పాత రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. అందంగా ఉన్నవన్నీ పక్కకే పోయాయి పాపం.

లెక్క: తెల్ల హోటల్ పింగాణీ 12.5 కిలోలు, బోన్ చైనా 3, అనుమానం కేసులూ పూల డిజైన్లూ కలిపి 3.5.

ఫిబ్రవరి 11

తప్పు నాదే. ఇంట్లో ఉన్న ఇనుప ఇమామ్ దస్తా తెచ్చాను. పెంకుల్ని గుడ్డలో చుట్టి అందులో దంచితే మొదటి అరకిలో బాగానే నలిగింది. తెల్లటి పొడి, చేతికి రవ్వలా ఉంది. చిన్న బిళ్ల చేసి 1220 డిగ్రీలకి కాల్చి చూస్తే దాని మీద నల్ల చుక్కలు, దోసె మీద మాడిన మచ్చల్లా. అవి ఇనుము రజను. పెంకు ఇనుము కంటే గట్టిది, దస్తానే అరగదీసింది.

పాత స్పీకర్‌లో అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి పొడిలో తిప్పాను. కవర్ బయట నల్ల మీసాలు మొలిచాయి. కవర్ తీసి విదిలించి, మళ్లీ తిప్పి, అలా ఆరుసార్లు. ఆరోసారి కూడా రెండు మూడు వెంట్రుకలు వచ్చాయి. ఇక నుంచి సుత్తితో బఠాణీ గింజంత దాకా మాత్రమే కొట్టి, మిగతా పనంతా మిల్లుకే వదిలెయ్యాలి. మిల్లు జాడీ పింగాణీదే, లోపలి గుళ్లూ పింగాణీవే. అరిగినా పింగాణీలో పింగాణీ కలుస్తుంది, అంతే.

దుమ్ము సంగతి కూడా రాసుకోవాలి. ఈ పొడిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించని నలుసే ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ కుండల పరిశ్రమకి చెకుముకి రాయిని పొడిగా నూరి నూరి మనుషులు పోతుంటే, 1726లో థామస్ బెన్సన్ అనే ఆయన నీళ్లలో నూరే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మనకి ఇది కొత్తేం కాదు. విసరడం మానేసి రుబ్బడం, అంతే తేడా. జాడీలో సగం దాకా గుళ్లు, 4 కిలోల పెంకులు, అవి మునిగేంత నీళ్లు, మూత బిగించి రోలర్ల మీద 10 గంటలు. ముక్కలు కొట్టేటప్పుడు కూడా తడిపే కొడుతున్నాం, ఎన్95 పెట్టుకుని. నేల ఊడవడం బంద్, తడిగుడ్డే.

అర హార్స్‌పవర్ మోటారు 10 గంటలంటే దాదాపు 3.7 యూనిట్లు. కిలో పొడికి ఒక యూనిట్ అనుకోవచ్చు. నేను కొనే పలుగురాయి పొడి కిలో ధర కంటే ఈ కరెంటే ఎక్కువ పడుతోంది. "ఫ్రీగా వచ్చిన ముడిసరుకు" అని ఎవరికైనా గొప్పలు చెప్పే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి 20

మొదటి పరీక్ష బిళ్లలు. ఎండు బరువు లెక్కన పెంకు పొడి 10, 20, 30, 40 శాతం. ఒక్కో బిళ్ల మీద పచ్చిగా ఉన్నప్పుడే సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చాక కొలిచాను. ఉత్త మా మట్టి 12 శాతం పైగా కుంచించుకుంటుంది. 30 శాతం పొడి కలిపింది 10 దగ్గర ఆగింది. ఒకసారి కాలినది మళ్లీ కుంచించుకోదు కదా, అది లోపల ఎముకలా నిలబడుతుంది. పెద్ద ప్లేట్లు వంకర పోకుండా ఉండటానికి ఇది మంచి వార్తే.

చెడ్డ వార్త సారె దగ్గర. 40 శాతం ముద్దని బాబాయ్ చేతిలో పెట్టాను. ఒక చుట్టు తిప్పి, గోడ లేపబోయి ఆగిపోయాడు. అంచంతా బీటలు.

"గిది మైదపిండి కాదు బిడ్డా, జొన్నపిండి" అన్నాడు.

నాకు వారం రోజులుగా లెక్కల్లో అర్థం కానిది ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. జొన్నపిండిని మైదాలా సాగదీస్తే అంచు చీలుతుంది. అందుకే జొన్నరొట్టెని కర్రతో ఒత్తరు, అరచేత్తో తట్టుకుంటూ తిప్పుతారు. 40 శాతం మట్టిని కూడా సారె మీద లేపకూడదు, అచ్చులో తట్టాలి. ఆయన ఊరుకోకుండా ఆ ముద్దనే బోర్లించిన గిన్నె మీద తట్టి తట్టి ఒక సాసర్ చేసి పెట్టాడు. అది పగల్లేదు.

30 శాతం అయితే సారె మీద కష్టంగా లేస్తోంది. 20 బానే ఉంది. మధ్యలో ఎక్కడో మా సంఖ్య ఉంది.

మార్చి 5

రంజాన్ నెల. పగలు హోటల్ ఖాళీ, రాత్రి కాలు పెట్టే చోటుండదు. భాయ్ రెండో బస్తా ఇచ్చాడు. "ఈ నెల డబుల్ పగుల్తయి" అని నవ్వాడు.

హోటల్‌కి వందల కప్పులు కావాలంటే అన్నీ సారె మీద కుదరవు. ప్లాస్టర్ అచ్చుల్లో పోతపోద్దామని మట్టిని చిక్కటి మజ్జిగలా కలిపి, పల్చబడటానికి సోడియం సిలికేట్ వేశాను. మామూలుగా నాలుగు చుక్కలకే ధారగా జారుతుంది. ఇవాళ వేసినకొద్దీ బిగుసుకుంది. గరిటె నిలబెడితే నిలబడింది. పెరుగు తోడుకున్నట్టు తోడుకుంది బకెట్ మొత్తం, 15 కిలోలు.

రాత్రంతా తల బద్దలు కొట్టుకుని చివరికి మిల్లు చీటీ వెతికితే దొరికింది. రెండో బస్తా నేను ఊరెళ్లిన రోజు మా అబ్బాయి (షెడ్డు పక్కింటి డిగ్రీ కుర్రాడు, సాయంత్రాలు వస్తాడు) ఏరాడు. తెల్లగా ఉందని బోన్ చైనా కూడా హోటల్ పింగాణీలోనే వేశాడు. ఎముకల బూడిద అంటే కాల్షియం ఫాస్ఫేట్. అందులోంచి నీళ్లలోకి దిగిన కాల్షియం మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది, సోడియం సిలికేట్ ఎంత విడదీద్దామన్నా వినదు. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. టార్చ్ పరీక్ష అతనికి నేను చెప్పలేదు మరి.

ఆ 15 కిలోలు ప్లాస్టర్ పలకల మీద ఆరబెట్టి, ముద్ద చేసి, తట్టుడు సాసర్లకి పక్కన పెట్టాం. ఇక ఒక్కో బస్తాకి చీటీ: ఎక్కడిది, ఎవరు ఏరారు, ఏ రోజు.

మార్చి 14

ఇది రాయడానికే చిరాగ్గా ఉంది.

గత నెలలో పెంకులు సరిపోవడం లేదని, కూల్చేస్తున్న ఓ అపార్ట్‌మెంట్ నుంచి బాత్రూం టైల్స్ రెండు బస్తాలు తెచ్చాను. తెల్లగా, శుభ్రంగా కనిపించాయి. వాటిని మెత్తగా రుబ్బకుండా రవ్వలాగే ఉంచి, ప్లేట్లలో చుక్కల డిజైన్‌లా కనపడుతుందని కలిపాను. మార్చి 2న కిల్న్ తెరిస్తే 22 ప్లేట్లు, ఒక్క దానికీ వంక లేదు. ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. రాజమండ్రి అత్తయ్య "మాకు పగిలిన ఆవకాయ జాడీ ఉందే, పంపనా" అని ఫోన్ కూడా చేసింది.

ఇవాళ పొద్దున్న అరలోంచి తీస్తే ప్లేట్ల మీద చిన్న చిన్న గుంటలు. చికెన్ పాక్స్ వచ్చి తగ్గినట్టు. ఒక్కో గుంట అడుగున తెల్లటి సూదిమొనంత చుక్క. అర మీద రాలిన పెచ్చులు. నేను చూస్తుండగానే ఒకటి టిక్కుమని ఊడింది.

టైల్ వెనక అంటుకున్న సిమెంటు. నాకు కనపడలేదు కాదు, గీకాను, పూర్తిగా పోలేదు. అందులోని సున్నం కిల్న్‌లో కాలిన సున్నంగా మారుతుంది. బయటికొచ్చాక గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే ఎలా బుసబుసమని పగులుతుందో అదే, కాకపోతే మట్టిలోపల, నెమ్మదిగా, పదిరోజులు తీసుకుని. మెత్తగా రుబ్బి ఉంటే ఆ సున్నం మట్టిలో చెదిరి కాల్పులో కరిగి కలిసిపోయేది. రవ్వగా ఉంచడం నా సొంత తెలివి.

22 ప్లేట్లూ వెనక కుప్పలోకి. వాటిని మళ్లీ రుబ్బుదామా అంటే, లోపల సున్నం ఉందని తెలిసీ వాడబుద్ధి కావడం లేదు. మిగిలిన టైల్ బస్తా పక్క సందులో గుంత పూడ్చడానికి ఇచ్చేశాను. మెషీన్లకంటే, శాతాలకంటే ముందు ముక్క పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. హోటల్ కప్పుకి ఊరూ పేరూ ఉంది. టైల్‌కి అది ఎవరి గోడకి ఏ మసాలాతో అతికిందో ఎవరు చెప్తారు?

ఏప్రిల్ 4

ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నం తయారైన కప్పు సాయంత్రానికి ఎండి చెవి దగ్గర చీలుతోంది. తడి గోనెపట్టాలు కప్పి, రాత్రిపూట చెవులు అతికిస్తున్నాం.

మట్టి కుదిరింది. నూటికి బాల్ క్లే (బాగా సాగే మట్టి) 40, చైనా క్లే (తెల్లమట్టి) 20, ఫెల్డ్‌స్పార్ (కాల్పులో కరిగే రాయి పొడి) 15, పెంకు పొడి 25. మొదట ఉన్న పలుగురాయి 18 పాళ్లూ తీసేశాం, పొడిలో అది ఎలాగూ ఉంది. పొడి 200 మెష్ జల్లెడలోంచి, అంటే 75 మైక్రాన్ల కంటే సన్నంగా, దిగాలి. ఇక్కడ రాజీ లేదు. ఫిబ్రవరిలో 80 మెష్ పొడితో చేసిన 30 శాతం బిళ్లని పాత ఇడ్లీ పాత్రలో 5 గంటలు ఉడకబెట్టి, ఆ నీళ్లలోనే రాత్రంతా వదిలి తూస్తే 84.20 గ్రాములది 86.81 అయింది. 3.1 శాతం నీళ్లు తాగేసింది. ఇప్పటి మట్టి అదే పరీక్షకి 1.4 దగ్గర ఉంది. సన్నగా రుబ్బితే పెంకు మీది పాత గ్లేజే కరిగి సందులు పూడుస్తోంది.

అత్తయ్య జాడీ ముక్కలు పార్సిల్‌లో వచ్చాయి, మధ్యలో చిన్న ఆవకాయ వాసన కూడా. కొద్దిగా రుబ్బి విడిగా చూశాను. పై సగం గోధుమరంగు గ్లేజ్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి బిళ్ల బిస్కెట్ రంగుకి తిరిగింది. బాగుంది గానీ ఒక్క జాడీతో ఏం చేస్తాం. మూత మాత్రం పగల్లేదు, దాన్ని దంచడానికి మనసొప్పక ఉప్పు గిన్నె మీద పెట్టాను.

ఏప్రిల్ 12

కప్పులకి మా పాత పారదర్శక గ్లేజే వేశాను, మూడేళ్లుగా నమ్మకంగా ఉన్నదే. కిల్న్‌లోంచి తీసినప్పుడు అద్దంలా ఉన్నాయి. అల్లం చాయ్ పోసుకుని తాగి, కడిగి చూస్తే లోపలంతా సన్నటి గోధుమరంగు గీతలు, సాలెగూడులా. గ్లేజ్ పగుళ్లు ముందునుంచీ ఉన్నాయి, చాయ్ వాటికి రంగేసి చూపించింది.

పలుగురాయి తీసేస్తే ఇదే జరుగుతుంది. అది మట్టిలో ఉంటే కప్పు చల్లారేటప్పుడు బాగా ముడుచుకుని గ్లేజ్‌ని బిగించి పట్టుకుంటుంది. అది తగ్గేసరికి కప్పు తక్కువ ముడుచుకుంది, గ్లేజ్ ఎక్కువ ముడుచుకుని చిట్లింది. ఆపిన పలుగురాయిని ఇప్పుడు గ్లేజ్‌లోకి పెంచాను, సోడా ఫెల్డ్‌స్పార్ తగ్గించాను. నాలుగో మిశ్రమానికి కుదిరింది. కప్పుని మరిగే నీళ్లలోంచి ఐసు నీళ్లలోకి, మళ్లీ వేడిలోకి, అలా అయిదుసార్లు. చివర్లో సిరా రుద్దినా గీత పడలేదు.

ఏప్రిల్ 25

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఇంట్లో వెనిగర్ పోసి చూసి "సేఫ్" అనుకోవడం నాకు నచ్చదు. మొదట అడిగిన ల్యాబ్‌లో నీళ్ల పరీక్ష మాత్రమే చేస్తారట. రెండో చోట పద్ధతి ప్రకారం చేశారు: కప్పు నిండా 4 శాతం అసిటిక్ ఆమ్లం పోసి, 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ద్రవంలోకి దిగిన సీసం, కాడ్మియం కొలవడం. యూరప్‌లో 1984 నాటి నిబంధన కప్పులాంటి లోతున్న పాత్రకి లీటరుకి సీసం 4 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. మా మూడు కప్పుల్లోనూ రెండూ వాళ్ల మిషన్ పట్టుకోగలిగిన స్థాయి కంటే కిందే ఉన్నాయి. మూడు కప్పులంటే మూడు కప్పులే. కొత్త హోటల్ పెంకులు కలిపిన ప్రతిసారీ మళ్లీ పంపాలి. పూల బకెట్ అలాగే మూత పెట్టి ఉంది.

మే 2

40 కప్పులు హోటల్‌కి చేర్చాం. బాబాయ్ కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. భాయ్ ఒక కప్పు తిప్పి చూసి, వేలితో కొట్టి, "మోగుతుంది" అన్నాడు. మీ పెంకులే అని బాబాయ్ చెప్తే నమ్మలేదు.

మే 5

భాయ్ ఫోన్. కప్పులు బాగున్నాయట, ఒక్కటీ పగల్లేదట, కానీ పోరగాళ్లు తిడుతున్నారట. వెళ్లి చూశాను. రెండు సమస్యలు. ఒకటి బరువు. వాళ్ల పాత కప్పు 130 గ్రాములు, మాది 165. ఒక చేతిలో ఆరు కప్పులు పట్టుకుని బల్లల మధ్య దూరే కుర్రాడికి 200 గ్రాముల పైన అదనం.

రెండోది నేను అస్సలు ఆలోచించనిది. వాళ్ల సాసర్ మధ్యలో కప్పు కూర్చునే గుంట 42 మిల్లీమీటర్లు. మా కప్పు అడుగు 45. గుంటలో దిగకుండా అంచు మీద ఎక్కి కూర్చుంటోంది, నడిస్తే జారుతోంది, చాయ్ సాసర్‌లోకి ఒలుకుతోంది. "సాసర్‌ల పోసుకునే తాగుతరు గదా, మంచిదే" అని ఓ ముసలాయన బల్ల దగ్గర్నుంచి అన్నాడు. కౌంటర్ దగ్గర ఎవరూ నవ్వలేదు.

నాలుగు సాసర్లు కొలత కోసం అడిగి తెచ్చాను. ఈ మట్టి తక్కువ కుంచించుకుంటుందని ఫిబ్రవరిలో సంబరపడ్డాను గానీ, కప్పు అడుగు మాత్రం పాత మట్టి కొలతతోనే కోశాం. బాబాయ్ అట్టముక్కతో కొత్త గేజీ కోస్తున్నాడు: పచ్చిగా 46, కాలాక 41. కప్పు గోడ కూడా ఇంకాస్త సన్నం చేస్తానంటున్నాడు, 25 శాతం పొడి కలిపిన మట్టి దాన్ని తట్టుకుంటుందో లేదో శనివారం కిల్న్ తెరిస్తే తెలుస్తుంది.